తేరేదాకా

నంగలి దగ్గర వాన పడితే రెండు రాష్ట్రాలు తడుస్తాయి. ముళబాగిలు దాటి పలమనేరు వైపు పోయే జాతీయ రహదారి మీద కర్ణాటకకు, కోలారు జిల్లాకు దాదాపు ఇదే కడపటి ఊరు. కాస్త ముందుకు పోతే చిత్తూరు జిల్లా. తొమ్మిది వందల ఏళ్ల కిందట హొయ్‌సళ విష్ణువర్ధనుడి శాసనాలు కూడా తమ ఏలుబడికి తూర్పు హద్దుగా నంగలి కనుమనే చెప్పుకున్నాయి. రాజులు గీసిన గీత, ప్రభుత్వాలు గీసిన గీత ఇంచుమించు ఒక్కచోటే పడ్డాయి గానీ మాటకు మాత్రం హద్దు కుదరలేదు. బళ్లో కన్నడం, ఇంట్లో తెలుగు. వాన ముచ్చట్లు ఎక్కువగా ఇంటి మాటలోనే నడుస్తాయి.

హస్త కార్తె వాన ఇక్కడ చాలామట్టుకు సాయంత్రాలే వస్తుంది. మధ్యాహ్నమంతా ఉక్కపోసి, నాలుగు దాటాక మబ్బు కమ్మి, ఒక్కసారిగా దిగిపోతుంది. అప్పుడు చూడాలి రోడ్డు పక్క టీ అంగడి రేకుల కింద. టమాటా లోడుతో బయల్దేరిన డ్రైవరు టార్పాలిన్ తాళ్లు బిగించి వచ్చి, గ్లాసు పట్టుకుని ఆకాశం వంక గుర్రుగా చూస్తుంటాడు. పక్కన, చంకలో గొడుగు ఉన్నా విప్పని రైతు. చేలో రాగి వెన్ను తీస్తోంది. "ఇప్పట్లో విడిచేదేనా అన్నా ఇది?" అని డ్రైవరు అడుగుతాడు. "పడనీలేప్పా, మొగం చూపించి మూడు వారాలైంది" అంటాడు రైతు. ఒకే రేకు కింద ఇద్దరూ ఎదురుచూస్తున్నారు. ఒకరిది కాలు కాలిన పిల్లి వ్యవహారం, ఇంకొకరిది నిమ్మళం.

పల్లెటూరివాళ్లు పుట్టుకతోనే నిదానస్తులు అనేయడం పట్నవాసులకు ఇష్టమైన మాట. తాలూకా ఆఫీసులో పహాణీ కోసం, డెయిరీలో పాలబిల్లు కోసం ఇదే రైతు పడే తొందర చూసినవాళ్లు ఆ మాట అనరు. వాన దగ్గర ఆయన చూపించే ఓర్పుకు వెనక ఒక ఏర్పాటు ఉంది. కోలారు సీమలో ఓర్పును మనుషులు మట్టితో, రాతితో కట్టారు. దానికి చెరువు కట్ట అని పేరు, తూము అని పేరు, నిండినప్పుడు నీళ్లు పొర్లిపోయే కోడి అని పేరు.

జిల్లాకు ఏడాది పొడవునా పారే నది లేదు. పాలారు ఈ నేల మీదుగానే పోతుంది గానీ వానొచ్చినప్పుడే అది ఏరు, మిగతా రోజుల్లో ఇసుక. ఏడాదికి సగటున 700 మిల్లీమీటర్ల పైచిలుకు వాన. ఎక్కువగా పడేది సెప్టెంబరు, అక్టోబరుల్లో. గట్టిగా కురిసే గంటలన్నీ కలిపి చూస్తే కొన్ని రోజులకు మించవు. ఆ కొన్ని రోజుల నీళ్లతో ఏడాది నెట్టుకురావాలి. పల్లానికి పరుగెత్తే ఎర్రనీళ్లను పట్టుకుని "కాసేపు ఉండు" అని చెప్పగలిగినవాడికే ఇక్కడ బతుకు. అందుకే 2007లో చిక్కబళ్లాపురం విడిపోకముందు ఉమ్మడి కోలారు జిల్లాలో నాలుగు వేలకు పైగా చెరువులు లెక్కకొచ్చాయి. అవన్నీ విడివిడి గుంటలు కావు. పై చెరువు నిండి కోడి పోతే ఆ నీళ్లు వంక పట్టి కింది చెరువుకు చేరతాయి, అది నిండితే ఇంకా కిందిదానికి. కడపటి ఊరివాళ్లు ఆకాశం వైపు ఎంత చూస్తారో పై ఊరి కోడి వైపూ అంత చూస్తారు.

నీళ్లు నిలిచాక అసలు పని మొదలవుతుంది. ఒకప్పుడు ఆ పని నీరుగంటిది. ఈ సీమలో చెరువు కింద పొలాలకు నీళ్లు పెట్టే బాధ్యత తరతరాలుగా నీరుగంటి కుటుంబాలది, వాళ్లలో ఎక్కువమంది దళితులు. తూము రాతి స్తంభాల నడుమ దిగి, కంతకు బిగించిన బిరడాను ఎంత ఎత్తాలో, ఎప్పుడు దించాలో ఆయన చేతికి తెలిసి ఉండేది. ఎవరి మడికి ముందు, ఎవరికి తర్వాత అన్న వరస ఆయన నోట ఉండేది. రెడ్డిగారి మడైనా వరస తప్పకూడదు. తప్పితే ఊళ్లో అడిగేవాళ్లుండేవారు. ఇక చెరువు సగమే నిండిన ఏడు ఇంకో పద్ధతి. ఆయకట్టు మొత్తానికీ నీళ్లు చాలవని తేలాక, తూముకు దగ్గరగా ఉన్న పొలాన్నే అందరూ దామాషాగా పంచుకుని ఆ ఒక్క కారు సాగు చేసుకునేవారు. దగ్గర పొలం ఉన్నవాడు తన చెక్కలో కొంత పక్కవాడికి వదలాలి. దూరాన ఉన్నవాడు తన బీడును చూసుకుంటూ పరాయి మడిలో నాలుగు గంపల గింజలకు సరిపెట్టుకోవాలి. ఓర్పు గురించి చెప్పే పుస్తకాలు అంగళ్లలో చాలా ఉన్నాయి. తన పొలంలో పక్కవాడి మడక దిగుతుంటే గట్టున నిలబడి చూడటం ఎలాగో చెప్పే పుస్తకం మాత్రం ఇంకా కంటబడలేదు.

పాత కాలమంతా బంగారమని అనడం లేదు. నీరుగంటి కొలువు పుట్టుకతో అంటగట్టిన కొలువు. నీళ్లు పంచిన మనిషి ఊరి బావిలో నీళ్లు తోడుకోలేని రోజులవి. 1961లో మైసూరు రాష్ట్రం గ్రామోద్యోగాల రద్దు చట్టం తెచ్చి వంశపారంపర్య కొలువులకు స్వస్తి చెప్పడం న్యాయమే. మనిషిని విడిపించారు, మంచిదే. ఆయన చేసిన పనిని మాత్రం ఎవరి చేతా పెట్టలేదు. తూము బిరడా తుప్పు పట్టింది, కోడి రాళ్లు ఇళ్ల పునాదుల్లోకి పోయాయి. చెరువు ప్రభుత్వానిదైంది. అంటే ఎవరిదీ కాకుండా పోయింది.

కొత్తగా నిండిన చెరువు చూడటానికి ఏమంత ప్రశాంతంగా ఉండదు. ఇటుక రంగు నీళ్లు, తేలే చెత్త, కొట్టుకొచ్చిన కంపలు. వారం పది రోజులు పోవాలి. కోలారు ఎర్రమన్ను కలిసిన నీళ్లు తేరే తీరు చూస్తే ఓర్పుకు ఒక కొలత దొరుకుతుంది. చెంబులో పట్టి పెడితే ఇసుక నిమిషంలో అడుగుకు చేరుతుంది. ఒండ్రుకు ఇంకాస్త పడుతుంది. బంకమట్టి రేణువుల సంగతి వేరు. మిల్లీమీటరులో 500వ వంతు ఉండే రేణువు కదలని నీళ్లలో 10 సెంటీమీటర్లు దిగడానికి సుమారు 8 గంటలు కావాలి. మధ్యలో ఎవరైనా చెంబు కదిలిస్తే లెక్క మళ్లీ మొదటికి. అందుకే చెరువు నీళ్లు తాగిన రోజుల్లో మన అవ్వలు రాత్రే కుండలో నీళ్లు పోసి, లోపలి గోడకు చిల్లగింజ అరగదీసి, మూత పెట్టి పడుకునేవారు. గింజలోని జిగురు మట్టి రేణువులను ఒకదానికొకటి అతికిస్తుంది, బరువెక్కి త్వరగా దిగిపోతాయి. తెల్లారి పైనీళ్లు మాత్రం నిదానంగా వంచుకునేవారు. చిల్లగింజ ఉన్నా తెల్లారేదాకా ఆగక తప్పదు. కుండ మీద చెయ్యి వెయ్యకుండా ఉండటమే ఆ పనిలో సగం.

మనసు కుదుటపడాలంటే వాన చప్పుడు వినమని ఇప్పుడు ఫోన్లలో యాప్‌లు చెబుతున్నాయి. చెవిలో వైర్లు పెట్టుకుని, ఎక్కడో రికార్డు చేసిన వానను వింటూ నిద్రపోయేవాళ్లు బెంగళూరులో తక్కువేం లేరు. కోలారు జిల్లా ఇళ్లలో వాన లేని నెలల్లోనూ ఆ చప్పుడు ఉంటుంది, ఏ యాప్‌తోనూ పని లేదు. నాలుగో జ్వరం దాటిన, అంటే నాలుగోసారి పొర విడిచిన పట్టుపురుగులు తట్టల నిండా మల్బరీ ఆకు మేస్తుంటే, అర్ధరాత్రి పక్క గదిలో పడుకున్నవాళ్లకు పెంకుల మీద సన్నవాన పడుతున్నట్టే ఉంటుంది. కొత్తగా వచ్చిన చుట్టం బట్టలు తడుస్తాయని లేచి బయటికి పరుగెత్తిన కథలు పట్టు రైతుల ఇళ్లలో చెప్పుకుని నవ్వుకుంటారు. చిత్రమేమంటే, ఆ చప్పుడు రావాలంటే ఆకు కావాలి, ఆకుకు నీళ్లు కావాలి. వాన లేని ఏడు ఆ ఉత్తుత్తి వానకు కూడా నేల కింది నీళ్లే తోడాలి.

వాన రాకపోతే విరాటపర్వం చదివించడం తెలుగు పల్లెల అలవాటు. సరిహద్దుకు అటు చిత్తూరు జిల్లా ఊళ్లలో భారతం జరిగే రోజుల్లో మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధినాటకం. విరాటపర్వం రోజున జనం మబ్బుల వైపు ఒక కన్ను వేసే ఉంచుతారు. ఎందుకు ఆ పర్వమే? పాండవుల జాడ దొరకలేదని వేగులవాళ్లు వచ్చి చెప్పినప్పుడు భీష్ముడు ఒక ఆనవాలు చెబుతాడు: ధర్మరాజు ఉన్న దేశంలో వానలు సకాలంలో కురుస్తాయి, పంటలు పండుతాయి, ఆవులు పాలిస్తాయి, అలాంటి చోట వెతకండి అని. ఆ మాట ఉన్న పర్వం చదివితే వాన వస్తుందని నమ్మకం. వస్తుందా రాదా అన్న వాదన ఇక్కడ వద్దు. ఆ పర్వం మొత్తం ఎదురుచూపు కథ కావడం గమనించదగ్గది. ధర్మరాజు జూదం ఆడించే కొలువులో, భీముడు వంటింట్లో, అర్జునుడు నాట్యం నేర్పుతూ, ద్రౌపది పూలదండలు కడుతూ ఏడాది గడపాలి. పదమూడో శతాబ్దంలో తిక్కన తన భారత రచనను మొదలుపెట్టింది కూడా ఈ పర్వంతోనే. ఓర్చుకోవడమంటే అన్నిటికీ తలవంచడం అనుకునేవాళ్లు కీచకుడి కథ కూడా ఇందులోనే ఉందని మరిచిపోకూడదు. కొన్ని రోజులు ఆగాలి, కొన్ని రాత్రులు ఆగకూడదు. ఎండిన చెరువు కట్ట మీద కూర్చుని ఆ కథ వినే జనానికి ఈ తేడా ఒకరు విప్పి చెప్పనక్కర్లేదు.

ఎదురుచూపు మాట వచ్చింది కాబట్టి ఒక పక్కదారి. నంగలికి నైరుతిన కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్ ఉంది. అక్కడి చాంపియన్ రీఫ్ గనిలో, 2 కిలోమీటర్లకు పైగా లోతున, భారత్, జపాన్, బ్రిటన్ శాస్త్రవేత్తలు యంత్రాలు బిగించుకుని కూర్చున్నారు. ఆకాశం నుంచి రాత్రింబవళ్లు కురిసే విశ్వకిరణాల వానలో మిగతావి దాదాపు అన్నీ రాతిలో ఆగిపోగా, అంత లోతుకూ దిగగలిగే న్యూట్రినోల కోసం. నెలల తరబడి చూస్తే వేళ్ల మీద లెక్కపెట్టేన్ని జాడలు. 1965లో దొరికాయి, గాలిపొరలో పుట్టిన న్యూట్రినోలను ప్రపంచంలో మొదట పసిగట్టిన చోట్లలో అదొకటి. పై ఊళ్లలో రైతు తల ఎత్తి ఎదురుచూస్తుంటే, అదే జిల్లాలో నేల కింద వీళ్లూ పైనుంచి కురిసేదాని కోసమే ఎదురుచూశారు. వీళ్ల దగ్గర ఉన్నదీ ఒక ఏర్పాటే.

ఆ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. నీళ్లు తోడే పంపులు ఆగిపోయాయి. ప్రపంచంలోని లోతైన గనుల్లో ఒకటిగా పేరుపడి, 3 కిలోమీటర్లకు మించి దిగిన సొరంగాలను ఊటనీళ్లు నింపేశాయి. అవీ నిలిచిన నీళ్లే. అలజడి లేదు, అల లేదు. వాటిని తలుచుకుని కేజీఎఫ్‌లో ఎవరి మనసూ నిమ్మళించదు. నీళ్లు కదలకుండా ఉన్నంత మాత్రాన శాంతి వచ్చేస్తుందనుకుంటే మూతబడ్డ గని అన్నిటికన్నా శాంతమైన చోటు కావాలి.

చెరువు పోయాక మనిషి ఓర్పు ఏమైందో చూడాలంటే రాత్రిపూట బోరు వేసే చోటికి వెళ్లాలి. లారీ రొద ఊరంతా వినిపిస్తుంది. తెల్లటి రాతిపొడి లేచి మామిడాకుల మీద, కంచం మీద, కనుబొమల మీద పడుతుంది. రైతు పొడి రంగు చూస్తూ నిలబడతాడు. తడి తగిలితే రంగు మారాలి. మారదు. అడుగుకింత అని లెక్క. ఎనిమిది వందలు దాటింది, ఆపేద్దామా అని అడుగుతాడు లారీవాడు. ఇంకో రాడ్డు దించు అంటాడు రైతు. వెయ్యి అవుతుంది. 1,500 అడుగుల దాకా దించిన బోర్లు ఈ జిల్లాలో ఉన్నాయి. అంత లోతున దొరికేవి నిన్నటి వాన నీళ్లు కావు; ఎన్ని తరాల కిందటివో. కొన్నిచోట్ల ఫ్లోరైడు కూడా వాటితో పైకి వస్తుంది. తాతల కాలం వాన చాలక ముత్తాతల కాలం వానను తోడుకుంటున్నాం. కేంద్ర భూగర్భ జల మండలి లెక్కల్లో ఈ జిల్లా తాలూకాలు నేలలోకి దిగేదానికన్నా ఎక్కువ తోడేస్తున్న ప్రాంతాల కిందే ఏళ్లుగా నమోదవుతున్నాయి. రైతును తొందరపాటు మనిషని తిట్టడం తేలిక. ఆగమని చెప్పే కట్ట తెగిపోయాక ఆయన ఎక్కడ ఆగాలి?

2018 జూన్‌లో వాన లేకుండానే చెరువులు నిండటం మొదలైంది. బెంగళూరు మురుగును శుద్ధి చేసి పంపే కోరమంగల-చల్లఘట్ట లోయ పథకం నీళ్లు లక్ష్మీసాగర చెరువుకు చేరాయి. రోజుకు 44 కోట్ల లీటర్ల పథకం అది. కొన్ని వారాలకే నురుగు కనిపించింది, వ్యవహారం హైకోర్టుకు వెళ్లింది, కొంతకాలం ఆగి మళ్లీ సాగింది. భూగర్భ జలం పెరిగిందని ఊరట పడినవాళ్లున్నారు, ఇంకో అంచె శుద్ధి చేయకుండా వదలొద్దని పోరాడుతున్నవాళ్లున్నారు. ఇద్దరి మాటలోనూ న్యాయముంది. కానీ ఏళ్ల తర్వాత నిండిన చెరువు గట్టున నిలబడి, ఒంగి దోసిలి పట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకోవాల్సి రావడం మాత్రం మన తరానికే దక్కిన అనుభవం. ఇంకోవైపు పశ్చిమ కనుమల నుంచి ఎత్తినహొళె నీళ్లు వస్తాయన్న మాట. 2014లో పునాదిరాయి పడింది, 2024 సెప్టెంబరులో తొలిదశ ప్రారంభమైంది, కోలారు ఇంకా ఎదురుచూస్తోంది. ప్రభుత్వాల మాటకు ఇంత ఓర్పు చూపించే జిల్లా ఇంకొకటి ఉంటే చూపించాలి.

ఈ ఎదురుచూపు నడుమ ఒకసారి వానే వచ్చింది. 2021 నవంబరులో కురిసిన వానలకు జిల్లాలో ఏళ్ల తరబడి నెర్రెలు విచ్చిన చెరువులు నిండి కోడి పోయాయి. అలాంటి రోజుల్లో ఊరూరా అదే తంతు: చేటల్లో పసుపు, కుంకుమ, గాజులు, రవికగుడ్డ పెట్టుకుని ఆడవాళ్లు కట్ట మీదికి నడవడం, గంగమ్మకు పూజ, తెప్ప. కోడి నీళ్లు పారుతుంటే పుట్టి బుద్ధెరిగాక చూడని పిల్లలు ఆ నీళ్లలో చేపలకు బట్టలు పట్టడం. నష్టమూ జరిగింది. కోతకొచ్చిన రాగి పడిపోయింది, టమాటా కుళ్లింది, దారులు తెగాయి, పల్లాన కట్టిన ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. ఆ ఇళ్లు ఎక్కడున్నాయో చూస్తే విషయం తెలిసిపోతుంది: చాలావరకు పాత వంకల మీద, చెరువుల ముంపు నేలలో. కాలవ పూడ్చి గీసిన లేఅవుట్లు అవి. నీళ్లు కొత్త దారి తొక్కలేదు, తమ పాత దారిన తాము నడిచాయి. ముప్పై ఏళ్లు కాచుకుని నడిచాయి.

ఆ ఏడు నిండిన చెరువుల గట్టున సాయంత్రాలు మనుషులు ఊరికే కూర్చోవడం మొదలుపెట్టారు. ఫలానా పనేం లేదు. బీడీ కాల్చేవాళ్లు, మేకలు తోలుకొచ్చినవాళ్లు, అల్లుళ్లతో మాట పట్టింపు వచ్చి ఇంట్లో ఉండలేని ముసలాయనలు. నీళ్ల ముందు మాటలు తగ్గుతాయి. తగ్గిన మాటల్లో కోపం కూడా తగ్గుతుంది. దీనికి శాస్త్రాధారం వెతకనక్కర్లేదు. కళ్లెదుట ఏడాదికి సరిపడా నీళ్లున్నవాడి కడుపులో భయం ఉండదు, భయం లేనివాడికి నిదానం దానంతట అదే వస్తుంది. ధ్యాన కేంద్రాలవాళ్లు మనసు లోపల చెరువును ఊహించుకోమంటారు. బయట ఉన్న చెరువును బాగుచేసుకుంటే ఊహించే శ్రమ తప్పుతుంది.

మన వంతు పని ఏమంత పెద్దది కాదు. చెరువుకు నీళ్లు తెచ్చే కాలవలో జాలికంప ఎదిగిందేమో చూసి, హస్త రాకముందే ఊరు ఊరంతా ఒక పూట పోయి కొట్టేయొచ్చు. పూడిక మన్ను పొలాలకు తోలుకోవచ్చు. ఎరువుకు పెట్టే డబ్బులు మిగులుతాయి. తూము చూసుకునే మనిషిని, ఏ కులమైనా సరే, జీతమిచ్చి పెట్టమని గ్రామ పంచాయతీని అడగొచ్చు.

ముళబాగిలులో, కోలారులో, బెంగళూరు శివార్లలో ఇంటి స్థలం కొనబోతున్న పాఠకులకు ఒక మనవి. రంగుల జెండాలు పాతి, ఈ వారమే అడ్వాన్సు కట్టకపోతే రేటు పెరుగుతుందని తొందరపెడతారు. తొందరపడకండి. ఒక్క వానాకాలం ఆగండి. హస్త, చిత్త కార్తెల్లో గట్టి వాన పడిన మర్నాడు పొద్దున గొడుగు వేసుకుని స్వయంగా వెళ్లి, ఆ స్థలంలో నీళ్లు నిలిచాయో లేదో చూసి, అప్పుడు అడ్వాన్సు ఇవ్వండి.